వానలు పట్టినప్పటి నుంచి కోర్ బాక్స్‌లోంచి కోర్ ఊడి రావడం లేదు

రేణిగుంట_ఉలి: గాజులమండ్యం వైపు ఒక ఫౌండ్రీకి పంపు బాడీ కోర్ బాక్స్ చేసిచ్చాను. అంటే పోతలో లోపలి ఖాళీ కోసం పెట్టే ఇసుక కోర్‌ని తయారుచేసే చెక్క అచ్చు. టేకు, రెండు ముక్కలు, మధ్యలో డోవెల్ పిన్నులు. ఎండాకాలమంతా బాగానే వచ్చాయి. ఇప్పుడు కోర్ అతుక్కుపోతోంది, లాగితే అంచు విరుగుతోంది. అక్కడ ఇసుక అచ్చులు కట్టే మోల్డర్ నా బాక్సే తప్పంటాడు. ఒకటే టెన్షన్.

చిత్తూరు_మోల్డర్: టేపర్, అదే కోర్ ఊడొచ్చేందుకు గోడలకిచ్చే వాలు, ఎంత ఇచ్చినావన్నా?

రేణిగుంట_ఉలి: అర డిగ్రీ.

చిత్తూరు_మోల్డర్: చెక్కకి చాలదు. లోతు గోడలకి ఒకటిన్నర, రెండు పెట్టు.

పాత_రంపం: ఎండాకాలంలో వచ్చాయంటున్నాడు కదా, టేపర్ ఒక్కటే కాదు. చెక్క పొడవునా పెద్దగా మారదు, అడ్డంగా ఉబ్బుతుంది. ఒకే దిమ్మ తొలిచి ఉంటే గుండ్రం కాస్తా కోడిగుడ్డు అయిపోతుంది. పలకలు అతికించి చేయాల్సింది. లోపల పాలిష్ ఏం వేశావు నాయనా?

రేణిగుంట_ఉలి: దిమ్మే సార్. లక్క పాలిష్, మూడు కోట్లు. మా నాయన కూడా అదే వేసేవాడు.

పాత_రంపం: మీ నాయన కాలంలో నూనె కోర్లు. బాక్స్‌లోంచి తీసి ఓవెన్లో కాల్చేవాళ్లు. మీది సీఓటూ పద్ధతి అయ్యుంటుంది, అంటే ఇసుకలో సోడియం సిలికేట్ కలిపి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ పట్టించడం. ఆ సిలికేట్ క్షారం, లక్కను కరిగించేస్తుంది. ఆపైన గ్యాస్ పట్టగానే కోర్ బాక్స్‌లోనే రాయిలా గట్టిపడుతుంది. లక్క గీకేసి ఎపాక్సీ పెయింట్ వెయ్యి. అడుగుకీ బయటికీ కూడా. అందరూ లోపలే వేసి వదిలేస్తారు, తేమ వెనక నుంచి ఎక్కుతుంది.

శ్రీకాళహస్తి_కుర్రోడు: ఎర్రచందనంతో చేస్తే ఉబ్బదా?

చిత్తూరు_మోల్డర్: చెయ్యి తమ్ముడూ, కోర్లు జైల్లో కొట్టుకుందువు.

శ్రీకాళహస్తి_కుర్రోడు: సరే, అసలు డౌట్. పోత ఇనుము బుష్, మెషినింగ్ అయ్యాక బోరు, అంటే లోపలి రంధ్రం, 60 మి.మీ. రావాలి. కోతకని పక్కకి 3 మి.మీ. అలవెన్స్ కలిపి కోర్ 66 పెట్టాను. లేత్ మీద కోయడానికి లోహమే మిగల్లేదు!

పాత_రంపం: ప్యాటర్న్‌కి, అంటే బయటి ఆకారం నమూనాకి, కలుపుతాం, కోర్‌కి తీసేస్తాం. 54 పెట్టాలి. ఇనుము చల్లారితే మీటరుకి 10 మి.మీ. దాకా ముడుచుకుంటుంది, కాబట్టి 54న్నర. ప్యాటర్న్‌ని ష్రింకేజ్ స్కేలుతో (ముడుచుకునేంత ముందే పెంచిన స్కేలు) గీసి కోర్ బాక్స్ మామూలు స్కేలుతో గీసేవాళ్లూ ఉన్నారు. అచ్చులో కోర్ కూర్చునే గాడి, అదే ప్రింట్‌లో, కోర్ లొడలొడలాడుతుంది, తర్వాత అందరూ కలిసి మోల్డర్‌ని తిడతారు.

చిత్తూరు_మోల్డర్: ఆ మాట ఫ్రేము కట్టిస్తా.

రేణిగుంట_ఉలి: పది రోజుల తర్వాత రాస్తున్నా. ఎపాక్సీ రెండు కోట్లు వేశాను, లోతు గోడ రెండు డిగ్రీలకు చెక్కాను, గ్రాఫైట్ పొడి చల్లమన్నాను. నిన్న పన్నెండు తీస్తే ఒకటే విరిగింది. అది మాత్రం మోల్డర్ చేతిలోంచి జారి పడింది.