నర్సరీ సైట్‌లో 400 మొక్కలున్నా గూగుల్‌లో మొదటి పేజీ ఒక్కటే వస్తోంది

ప్రశ్న (కడియపులంక నుంచి):
నమస్కారమండి. మాకు నాన్నగారి కాలం నుంచి నర్సరీ ఉంది. కిందటేడు వెబ్‌సైట్ చేయించాం. రాత్రిళ్లు కూర్చుని 400 రకాల మొక్కలు ఫొటోలతో సహా నేనే ఎక్కించాను. నర్సరీ పేరు కొడితే సైట్ వస్తోంది. ‘కొత్తపల్లి కొబ్బరి మామిడి అంటు’ అని కొడితే మాత్రం మా పేజీ ఎక్కడా కనపడదు. సైట్ చేసిన కుర్రాడు “సైట్‌మ్యాప్ ఇచ్చేశానండి, అదే వస్తుంది” అన్నాడు. అంటే సైట్‌లోని పేజీల అడ్రసుల జాబితా అట. ఎనిమిది నెలలైంది. మొత్తం మళ్లీ చేయించాలా? చాలా టెన్షన్‌గా ఉంది, లింకు పెడుతున్నాను, చూసి చెప్పండి.

జవాబు (భీమవరం నుంచి):
చూశానండి. మళ్లీ చేయించక్కర్లేదు. మీరు ఎక్కించిన సరుకంతా బాగుంది, దానికి దారే లేదు.

‘మొక్కలు’ అని నొక్కితే ఒకటే పొడవాటి పేజీ వస్తోంది. 24 మొక్కలు కనిపించాక ‘ఇంకా చూపించు’ అని బటన్. మొక్క మీద నొక్కితే వేరే పేజీకి వెళ్లకుండా అక్కడే పాపప్ తెరుచుకుంటోంది. గూగుల్ రోబో మనలా బటన్లు నొక్కదండి. ఒక పేజీలో ఉన్న లింకులు పట్టుకుని తర్వాతి పేజీకి వెళ్తుంది. మీ మొక్కలకి విడి అడ్రసులు ఉన్నాయి, సైట్‌మ్యాప్‌లో చూశాను. కానీ సైట్ లోపల ఏ పేజీ నుంచీ వాటికి లింకు లేదు. అడంగల్‌లో సర్వే నెంబరు ఉన్నంత మాత్రాన శివారు చేనుకి నీళ్లు రావు కదా, బోదె తవ్వాలి. సైట్‌మ్యాప్ ఆ అడంగల్ లాంటిది. ఒక ఫైల్లో 50,000 అడ్రసుల దాకా ఇవ్వొచ్చు, కానీ అవన్నీ తీసుకుంటానని గూగుల్ ఒప్పుకున్నట్టు కాదు.

ముందు కాగితం మీద గీయండి. మొదటి పేజీ, దాని కింద పండ్ల మొక్కలు, దాని కింద మామిడి, దాని కింద కొత్తపల్లి కొబ్బరి. మొదటి పేజీ నుంచి మూడు నొక్కుళ్లలో ఏ మొక్కయినా దొరకాలి. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. నర్సరీలో మనం ఎండలో ఉండేవి, షేడ్‌నెట్ కిందవి, కవరు సైజు ప్రకారం పేరుస్తాం. కొనేవాళ్లు అలా అడగరు. ‘డాబా మీద కుండీలో బతికేవి ఏమున్నాయి’, ‘పెరట్లో వేయడానికి జామ కావాలి’ అంటారు. గుంపులు వాళ్ల మాట ప్రకారం పెట్టండి. నిమ్మ పండ్ల మొక్కల్లోనూ ఉండొచ్చు, కుండీ మొక్కల్లోనూ ఉండొచ్చు. అడ్రసు మాత్రం ఒక్కటే ఉండాలి, రెండు గుంపుల నుంచీ దానికే లింకు ఇవ్వండి. ఇప్పటికే రెండు అడ్రసులు ఉంటే అసలుది ఏదో పేజీ కోడ్‌లో రాసే కనానికల్ ట్యాగ్‌తో గూగుల్‌కి చెప్పొచ్చు. గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి 2009లో తెచ్చింది దీని కోసమే.

మీ ఫిల్టర్లు చూసి కంగారుపడ్డాను. కవరు సైజు 5 రకాలు, ధర 4, చూపించే వరస 3. అంటే ఒక్క మామిడి పేజీకే 60 అడ్రసులు తయారవుతాయి, అన్నిట్లోనూ ఉండేది అవే మొక్కలు. ఫిల్టర్ కొనేవాళ్లకి ఉంచండి, కానీ ఆ అడ్రసులకి లింకులు ఇవ్వొద్దు, సైట్‌మ్యాప్‌లోనూ పెట్టొద్దు.

అడ్రసులో తెలుగు రాసినా గూగుల్‌కి ఇబ్బంది లేదు. కాకపోతే కాపీ చేసి వాట్సాప్‌లో పంపినప్పుడు తరచుగా శాతం గుర్తులతో పొడవుగా వస్తుంది. ‘మామిడి’ ఒక్కటే 54 అక్షరాలవుతుంది. అందుకే నేనైతే ఇంగ్లీషు అక్షరాల్లో, పదాల మధ్య అడ్డగీత పెట్టి రాస్తాను.

ప్రశ్న (నరసాపురం నుంచి):
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మాది లేసు అల్లికల సైట్. పాత రేట్ల పేజీలు రాకుండా రోబోట్స్ ఫైల్లో ఆపాను, ఆ పేజీల్లో నోఇండెక్స్ (‘సెర్చ్‌లో చూపించొద్దు’ అనే గుర్తు) కూడా పెట్టాను. అయినా సెర్చ్‌లో అడ్రసు కనపడుతూనే ఉంది. ఎందుకండి?

జవాబు (భీమవరం నుంచి):
రెండూ కలిపి పెట్టడం వల్లేనండి. రోబోట్స్ ఫైల్ ‘ఈ పేజీ చదవొద్దు’ అంటుంది. చదవకపోతే లోపల మీరు రాసిన నోఇండెక్స్ దానికెలా తెలుస్తుంది? బయట ఎక్కడైనా లింకు ఉంటే చదవకుండానే అడ్రసు చూపించగలదు. రోబోట్స్‌లో ఆపినది తీసేసి నోఇండెక్స్ మాత్రం ఉంచండి. గూగుల్ మళ్లీ వచ్చి చదివాక పోతాయి. సరుకు అయిపోయి మళ్లీ వచ్చే పేజీలైతే అసలు తీసేయకండి, ‘ప్రస్తుతం లేదు’ అని రాసి ఉంచండి.

ప్రశ్న (కడియపులంక నుంచి):
పాపప్ తీయించి విడి పేజీలకి లింకులు ఇప్పించానండి. మూడు వారాలైంది. మన పేజీలు గూగుల్‌లో ఎక్కాయో లేదో చూపించే సెర్చ్ కన్సోల్‌లో 90 పేజీలు వచ్చాయి. కొన్నిటికి ‘డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్’ అని, కొన్నిటికి ‘క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్’ అని ఉంది. రెండూ ఒకటేనా?

జవాబు (భీమవరం నుంచి):
కాదండి. మొదటిది ‘అడ్రసు తెలుసు, ఇంకా వచ్చి చూడలేదు’ అని. కొన్నాళ్లు ఆగండి. రెండోది ‘వచ్చి చూశాను, ఎక్కించుకోలేదు’ అని. ఆ పేజీలు తెరిచాను. ఫొటో, ధర, ‘మంచి క్వాలిటీ మొక్క’ అన్న ముక్క. 400 పేజీల్లోనూ అదే వాక్యం ఉంటే ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఏం తెలుస్తుంది? గోదావరి గంగ కొబ్బరి పేజీలో అది ఏ రెండు రకాల సంకరమో, ఎంత దూరంలో నాటాలో, ఎన్నేళ్లకి కాపొస్తుందో రాయండి. రోజూ ఫోన్లో పది మందికి మీరు నోటితో చెప్పేదే. ఎక్కువ అడిగే 20 మొక్కలతో మొదలుపెట్టండి.

ప్రశ్న (కడియపులంక నుంచి):
ఆయ్, అలాగేనండి. ఈ రాత్రి మామిడి అంట్లతో మొదలుపెడతాను. నాన్నగారు చెబుతానన్నారు, నేను టైపు చేస్తాను.