ఏపీ కాల్‌క్యులస్‌కి ఏ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ కొనాలి?

మేం టెక్సస్‌లో ఉంటాం, మా పాప ఈ ఏడాది ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) కాల్‌క్యులస్ తీసుకుంది. ఇంట్లో వాళ్ళన్నయ్య వాడిన పాత కాలిక్యులేటర్ ఉంది, బ్యాటరీలు వేస్తే నెలల తరబడి నడుస్తుంది కానీ తెర 96×64 చుక్కలే, నిన్న సైన్, కొసైన్ రెండూ కలిపి గీస్తే గీతలన్నీ మెట్లుమెట్లుగా వచ్చి ఏది ఏదో పాపకి తెలియలేదు. టీఐ (టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్) కంపెనీ మోడల్ టీఐ-84 ప్లస్ సీఈ అయితే రంగుల తెర, రెండు గ్రాఫులూ విడిగా కనిపిస్తాయి, ఛార్జింగ్ మాత్రం మర్చిపోకూడదు. అదే కంపెనీ ఎన్‌స్పైర్ సీఎక్స్ టూ క్యాస్ డెరివేటివ్ సూత్రాన్నే ఇచ్చేస్తుంది, ఏపీ పరీక్షలో వాడొచ్చు, కాలేజీ ప్రవేశానికి రాసే ఏసీటీ పరీక్షలో రానివ్వరు. పైగా చేత్తో చేసే అలవాటు పోతుందేమోనని నాకు టెన్షన్. కాలేజీ ప్రవేశానికే రాసే ఇంకో పరీక్ష డిజిటల్ ఎస్ఏటీలో డెస్మోస్ అనే గ్రాఫింగ్ కాలిక్యులేటర్ స్క్రీన్ మీదే ఉంటుంది కదా, అసలు విడిగా కొనాలా? మీ పిల్లలు ఏది వాడారో, ఎక్కడ ఇబ్బంది పడ్డారో చెప్పండి ప్లీజ్.