లంక ఇంట్లో వరదకు ముందస్తు ఏర్పాట్లు

ప్రశ్న: మాది కోనసీమలో గోదావరి గౌతమి పాయ ఒడ్డున, ఏటిగట్టుకు నది వైపున ఉన్న లంక గ్రామం. ఇంట్లో ఏమేమి సిద్ధంగా ఉంచుకోవాలో, మంచం పట్టిన అత్తగారిని ఎప్పుడు తరలించాలో అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

జవాబు 1: ధవళేశ్వరం బ్యారేజీ వద్ద గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి, 13.75కు రెండవ, 17.75కు మూడవ హెచ్చరిక జారీ చేస్తారు. రెండవది వచ్చేసరికి దారి మునిగి పడవ కోసం ఎదురుచూడవలసి రావచ్చు కనుక, అత్తగారిని మొదటి హెచ్చరికకే ఏటిగట్టు దాటించండి.

జవాబు 2: పాసుపుస్తకం, మందుల చీటీలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మూత బిగిసే స్టీలు డబ్బాలో పెట్టండి. మేము దానిని అటక మీదే మరచి, నడుము లోతు నీటిలో వెనక్కి వెళ్లవలసి వచ్చింది. ఇప్పుడది గుమ్మం పక్కనే ఉంటుంది.

జవాబు 3: గేదెలను ముందే గట్టుకు తోలండి. వీలుకాకపోతే కనీసం పలుపులు విప్పండి.