కారిడార్‌లో ఒక పెద్ద హూటరా, ఫ్లాటుకొక చిన్న సౌండరా?

మూడో అంతస్తు

మాది మియాపూర్ వైపు, స్టిల్టు మీద 7 అంతస్తులు, మొత్తం 42 ఫ్లాట్లు. అగ్నిప్రమాద అలారాలను నడిపించే పాత ఫైర్ ప్యానెల్ పనిచేయడం మానేసింది, మార్చక తప్పదు. కాంట్రాక్టరు రెండు కొటేషన్లు ఇచ్చాడు. మొదటిది ఇప్పుడున్న పద్ధతే: అంతస్తుకు ఒక హూటర్ (సైరన్‌లా మోగే పెద్ద అలారం), లిఫ్టు పక్కన గోడకు. కాకపోతే మరింత గట్టిగా మోగే రకం, పెట్టె మీద 110 డెసిబెల్స్ అని రాసి ఉంది. రెండోది, ప్రతి ఫ్లాటు లోపల హాలు గోడకు ఒక చిన్న సౌండర్ (అలారం మోగించే పరికరం), అన్నీ ఒకే లూపు (చుట్టు తీగ) మీద. ఖర్చు దాదాపు రెట్టింపు.

సర్వసభ్య సమావేశంలో ఎవరి పట్టు వారిదే. "110 డెసిబెల్స్ అంటే కుంభకర్ణుడైనా లేస్తాడు" అని ఒక పెద్దాయన తేల్చేశారు. "నా ఇంట్లో నన్ను అడగకుండా సైరన్ ఏమిటి" అని మరొకరు లేచారు. ఈ పనులు చేసినవారు, చేయించినవారు ఉంటే చెప్పండి. ఏది సరైనది?

ఖజానా

మొదటిదే. మా అసోసియేషన్ లెక్కలు నేనే చూస్తాను కాబట్టి డబ్బు కోసమే అంటున్నానని అనుకోకండి. ఫ్లాటు లోపల పెట్టిన ఏ పరికరమూ అసోసియేషన్ చేతిలో ఉండదు. రంగులు వేసేవారు ఊడదీసి అటక మీద పడేస్తారు. ఫాల్స్ సీలింగ్ చేసేవారు అడ్డొచ్చిందని వైరు కత్తిరిస్తారు. తాళం వేసి అమెరికా వెళ్లిపోయిన వారింట్లో అది పాడైతే ఎవరు లోపలికి వెళ్లి బాగుచేస్తారు? కారిడార్ హూటర్ అందరి కళ్ల ముందు ఉంటుంది.

ఇంకోమాట. మా దగ్గర తాళింపు పొగకే అలారం మోగుతుంటే విసిగిపోయి ఒకాయన కారిడార్ హూటర్ నోట్లో పాత బనియను కుక్కారు. కారిడార్‌లో ఉన్నదానికే ఆ గతి పడితే, మంచం పక్కన ఉన్నదాన్ని బతకనిస్తారా?

వైరుమనిషి

విశాఖలో ఈ పనే చేస్తాను, సాధారణంగా ఆసుపత్రులు, హోటళ్లు. ఖజానా గారి బనియను కథ కొత్తదేమీ కాదు, సబ్బు ముక్క కుక్కినవారినీ చూశాను. దాని సంగతి తర్వాత. ముందు ఆ 110 సంగతి చూద్దాం.

పెట్టె మీద రాసే అంకె హూటర్ నుంచి 1 మీటరు దూరంలో, అదీ పరీక్షా గదిలో కొలిచింది. దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ పోతాయి. లిఫ్టు నుంచి మీ గుమ్మం 8 మీటర్లు అనుకుంటే 18 పోయి 92 మిగులుతుంది. కారిడార్ గోడల ప్రతిధ్వని కొంత తిరిగి ఇస్తుంది, దాన్ని లెక్కలో కలపడం లేదు. మూసిన మామూలు తలుపు 20, బరువైన ఫైర్ డోరు 30 వరకు మింగేస్తాయి. మీ టేకు తలుపుకు 25 వేసుకోండి, హాలులోకి 67 వస్తుంది. పడకగది తలుపుకు ఇంకో 20. దిండు దగ్గరికి చేరేసరికి 47, హాలు దూరం కూడా తీసేస్తే ఇంకా తక్కువ. ఏసీ, ఫ్యాను చప్పుడే ఇంచుమించు అంత ఉంటుంది.

ఇక నియమం. ఫైర్ అలారాలకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 2189 అయినా, దానికి మూలమైన బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5839 అయినా చెప్పేది ఒకటే. మామూలు చోట్ల 65 డెసిబెల్స్, లేదా అక్కడి చప్పుడు కంటే 5 ఎక్కువ. మనుషులు నిద్రపోయే చోట తలుపులన్నీ మూసి ఉండగా మంచం తలగడ వైపు 75. కారిడార్ నుంచి ఆ 75 రావాలంటే హూటర్ 140 దగ్గర మోగాలి. 120 దాటితే చెవులు దెబ్బతింటాయని ఆ ప్రమాణాలే గీత గీశాయి. కాబట్టి మొదటి కొటేషన్‌లో ఎంత పెద్ద హూటర్ రాయించుకున్నా లిఫ్టు కోసం నిలబడినవారికి చెవుడు వస్తుందేమో కానీ నిద్రపోయేవారు లేవరు. కొన్ని పెద్దవాటి కంటే చాలా చిన్నవి మేలని అందుకే అంటారు.

గచ్చిబౌలి నైట్ షిఫ్ట్

అయితే రెండోదానికే ఓటు అన్నమాట.

వైరుమనిషి

తొందరపడకండి. రెండోదీ వారు రాసినట్టయితే తప్పుతుంది. "హాలు గోడకు" అన్నారు, అంటే టీవీ పక్కన, వైరు లాగడానికి సులువైన చోట. చిన్న సౌండర్ 1 మీటరు దగ్గర 100 ఇస్తుందనుకుందాం. పడకగది తలుపు 6 మీటర్ల దూరంలో ఉంటే 16 పోయింది, తలుపుకు 20 పోయింది, మిగిలింది 64. అదే సౌండర్‌ను పడకగదుల మధ్య ఉండే నడవలో, తలుపులకు 2 మీటర్ల లోపు పెడితే 74 వస్తుంది. పరికరం అదే, ధర అదే. పది అడుగుల వైరు ఎక్కువ పడుతుంది. ఆ పది అడుగుల కోసం కాంట్రాక్టరుతో పోట్లాడండి.

ఎత్తు గురించి కూడా రాయించండి. అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 72 ప్రకారం గోడ సౌండర్ పైఅంచు నేల నుంచి కనీసం 2.3 మీటర్ల ఎత్తులో ఉండాలి, సీలింగ్‌కు కనీసం 150 మిల్లీమీటర్ల కిందకు ఉండాలి. బీరువా వెనుక, కర్టెన్ రాడ్ పక్కన వద్దు.

ఖజానా

లెక్క బాగుంది, గోడ మీద నిలబడేది మాత్రం లెక్క కాదు, పరికరం. రంగులవాళ్ల సంగతి, తాళం వేసిన ఇళ్ల సంగతి అలాగే మిగిలింది. పైగా అర్ధరాత్రి 42 ఇళ్లలో ఒకేసారి సైరన్ మోగిందనుకోండి. పిల్లలు, ముసలివారు, అందరూ ఒకే మెట్ల మీదకు. పొగ ఏ అంతస్తులో ఉందో ఎవరికీ తెలియదు. నిప్పు కంటే తొక్కిసలాటే ముందు వస్తుంది. దీనికి బదులు ప్రతి ఇంటివారూ బ్యాటరీతో నడిచే పొగ అలారం ఒకటి కొనుక్కుంటే సరిపోదా? ఎవరి ఇల్లు వారిది.

యార్క్‌షైర్ తెలుగు

ఖజానా గారు చెబుతున్నది ఇంగ్లాండులో దశాబ్దాలుగా నడిచిన పద్ధతి. ఇక్కడి ఫ్లాట్ల భవనాల్లో సాధారణంగా అందరికీ కలిపి అలారం ఉండదు. ఎవరి ఫ్లాటులో వారికి పొగ అలారం. పక్కింట్లో నిప్పు అంటుకుంటే మీ ఇంట్లోనే తలుపు వేసుకుని ఉండండి అని సూచన. గోడలు, తలుపులు నిప్పును ఆ ఒక్క ఫ్లాటులోనే ఆపుతాయన్న నమ్మకం మీద అదంతా నిలబడింది.

2017 జూన్ 14 రాత్రి లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడినప్పుడు ఆ నమ్మకం కూలింది. మంటలు బయటి తొడుగు పట్టుకుని పైకి పాకాయి. మొదటి ఫోను 12:54కు వెళ్లింది, లోపలే ఉండమన్న సూచనను వెనక్కి తీసుకున్నది 2:47కు. 72 మంది చనిపోయారు. బయటికి రండి అని భవనం మొత్తానికి ఒకేసారి చెప్పే సాధనమే అక్కడ లేదు. విచారణ సంఘం 2019లో ఇచ్చిన మొదటి నివేదికలో ఎత్తైన భవనాలన్నిటిలో మొత్తానికి గానీ, కావలసిన అంతస్తులకు గానీ సౌండర్లతో సంకేతం పంపే ఏర్పాటు ఉండాలని సిఫారసు చేసింది. ఆ ఏడాదే దానికి బీఎస్ 8629 అనే ప్రమాణం కూడా వచ్చింది. మీట మాత్రం అగ్నిమాపక దళం చేతిలోనే ఉంటుంది.

మన అపార్ట్‌మెంట్లలో పైపుల డక్టులు, కేబుల్ షాఫ్టులు కింది నుంచి పైదాకా తెరిచే ఉంటాయి. ఒక ఫ్లాటు పొగ ఇంకో ఫ్లాటుకు ఆ దారినే వెళుతుంది. కాబట్టి "ఎవరి ఇల్లు వారిది" అన్నది మన భవనాల్లో ఇంకా కష్టం.

మూడో అంతస్తు

మా డక్టులో మనిషి దూరవచ్చు. అంత ఖాళీ.

వైరుమనిషి

ఖజానా గారి తొక్కిసలాట భయం న్యాయమైనదే. అందుకే అన్నీ ఒకేసారి మోగించనవసరం లేదు. అడ్రెసబుల్ ప్యానెల్ అయితే ప్రతి సౌండర్‌కూ ఒక సంఖ్య ఉంటుంది. పొగ కనబడిన అంతస్తు, దాని పైది, కిందిది ఆగకుండా మోగాలని, మిగిలినవి ఆగి ఆగి మోగాలని ప్యానెల్‌లో రాసిపెట్టవచ్చు. ఆగకుండా మోగితే దిగండి, ఆగి ఆగి మోగితే సిద్ధంగా ఉండండి. ఈ రెండింటి తేడా జనానికి ముందే వినిపించి ఉండాలి, లేకపోతే వృథా.

తాళింపు పొగ సమస్య మోగే సౌండర్‌ది కాదు, పొగను పసిగట్టే డిటెక్టర్‌ది. వంటింట్లో పొగ డిటెక్టర్ పెట్టినవాడిని అడగాలి. అక్కడ వేడిని పట్టే హీట్ డిటెక్టర్ పెట్టాలి. ఇంట్లో ఒక్క డిటెక్టర్ మోగితే ముందు ఆ ఇల్లు, వాచ్‌మన్ గది మాత్రమే మోగి, నిర్ణీత సమయంలో ఎవరూ చూసి సరిచేయకపోతే మిగతావి అందుకునేలా కూడా చేయవచ్చు. కానీ మెట్ల దగ్గర ఎర్ర డబ్బా అద్దం ఎవరైనా నొక్కితే ఆలస్యం ఉండకూడదు. అది మనిషి చెప్పిన మాట.

ఖజానా

రాత్రి 2 గంటలకు మా వాచ్‌మన్ "చూసి సరిచేస్తాడు" అంటే నవ్వొస్తోంది. ముందు అతన్ని లేపడానికి ఇంకో హూటర్ కావాలి.

వైరుమనిషి

ఒప్పుకుంటాను. వాచ్‌మన్ మీద నమ్మకం లేకపోతే ఆ గడువు పెట్టకండి.

వైరు కోసేస్తారన్నదానికి జవాబు. లూపు అంటే ప్యానెల్ నుంచి బయలుదేరి మళ్లీ ప్యానెల్‌కే వచ్చే తీగ. ఒకచోట తెగితే రెండు వైపుల నుంచీ కరెంటు అందుతుంది, అన్నీ మోగుతాయి, ప్యానెల్ ఫాల్ట్ చూపిస్తుంది. రెండు చోట్ల తెగితే మధ్యలో ఉన్నవి పోతాయి. రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే లూపు మొత్తం పడుకుంటుంది, అందుకే అలాంటి చోటును మిగతా లూపు నుంచి వేరుచేసే ఐసొలేటర్లు మధ్య మధ్య అడగండి. కనీసం అంతస్తుకు ఒకటి. కొటేషన్‌లో ఆ పదం లేకపోతే అవి ఉండవు. సౌండర్‌ను బేస్ నుంచి తీసేసినా ఏ ఫ్లాటులో తీశారో ప్యానెల్ తెర మీద వస్తుంది. మీ కారిడార్ హూటర్‌లో బనియను ఉన్నట్టు ఏ ప్యానెలూ చెప్పదు, ఖజానా గారూ.

పాత రకం హూటర్లే పెట్టించుకునేవారికి ఒక పరీక్ష. మామూలుగా ఉన్నప్పుడు ప్యానెల్ ఆ తీగల్లోకి కరెంటును తిరగేసి పంపుతుంది. హూటర్‌లోని డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే ముక్క) దాన్ని ఆపుతుంది కాబట్టి హూటర్ మోగదు, కరెంటు మాత్రం తీగ చివర ఉన్న రెసిస్టర్ (కరెంటును అదుపు చేసే చిన్న ముక్క) గుండా వెనక్కి వస్తుంది. అలా వస్తున్నంతసేపు తీగ బాగుందని ప్యానెల్‌కు తెలుస్తుంది. ఆ రెసిస్టర్ చిట్టచివరి హూటర్ లోపల ఉండాలి. ఫాల్ట్ దీపం ఆర్పడానికి దాన్ని ప్యానెల్ టెర్మినల్‌లోనే బిగించి వెళ్లిపోయే మహానుభావులు ఉన్నారు. తర్వాత తీగ మొత్తం ఎవరైనా పీక్కుపోయినా ప్యానెల్ పచ్చ దీపంతో హాయిగా ఉంటుంది. పని అప్పగించే రోజు చివరి హూటర్‌లో ఒక తీగ ఊడదీయించండి. పసుపు దీపం వెలగకపోతే డబ్బు ఇవ్వకండి.

తీగ రకం కూడా చూడండి. ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ అని రాసిన తీగ మంటను పాకనివ్వదు, పొగ తక్కువ ఇస్తుంది, అంతే. మంటలో ఉండి కూడా కరెంటు మోయాలంటే ఫైర్ సర్వైవల్ తీగ కావాలి. రెండూ ఎర్రగానే ఉంటాయి, ధర తేడా మాత్రం చాలా. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కిలోమీటరుకు 12.1 ఓములు. 200 మీటర్లు పోయి రావడానికి సుమారు 4.8 ఓములు. చివర 1 ఆంపియర్ లాగితే 4.8 వోల్టులు దారిలోనే పోతాయి. కరెంటు పోయి బ్యాటరీ 21 వోల్టులకు దిగినప్పుడు చివరి సౌండర్‌కు 16 మాత్రమే మిగులుతుంది. డేటా షీటులో కనీసం 18 అని ఉంటే అది మూలుగుతుంది. అన్నీ ఒకే తీగ మీద వేలాడదీయకండి.

చింతచెట్టు

అందరూ డెసిబెల్స్ అంటున్నారు. మా అమ్మకు 74 ఏళ్లు, రాత్రి వినికిడి యంత్రం తీసి పడుకుంటుంది. కీచుమనే అలారం పక్కనే మోగినా ఆమెకు తెలియదు, కుక్కర్ విజిల్ కూడా అంతే. బరువైన గొంతు మాత్రం వింటుంది. దానికేమైనా ఉందా?

వైరుమనిషి

ఉంది, మంచి ప్రశ్న. వయసుతో పాటు ముందు పోయేది సన్నని కీచు శబ్దం. చవక అలారాలు 3000 హెర్ట్జ్ దగ్గర కీచుమంటాయి. 520 హెర్ట్జ్ దగ్గర బొంగురుగా మోగే శబ్దం (చదరపు తరంగం అంటారు) నిద్రలో ఉన్న పిల్లలను, వినికిడి తగ్గినవారిని, మద్యం తాగి పడుకున్నవారిని కూడా బాగా లేపుతుందని పరిశోధనల్లో తేలింది. ఎన్‌ఎఫ్‌పీఏ 72 పడకగదుల్లో ఆ స్వరాన్నే అడుగుతుంది. అమ్మగారి గదిలో దానికి తోడు మెరిసే దీపం, దిండు కింద కంపించే పలక పెట్టించండి.

సౌండర్ మూత తీస్తే లోపల బియ్యపు గింజంత తెల్లని మీటలు వరసగా ఉంటాయి. కొన్ని స్వరానికి, కొన్ని శబ్దం స్థాయికి. చాలా రకాల్లో 32 స్వరాలు ఉంటాయి. పెట్టెలోంచి వచ్చిన స్థితిలోనే గోడకు ఎక్కించేస్తారు, అడిగి మార్పించండి. ఒక భవనంలో దిగమనే స్వరం అన్ని చోట్లా ఒకటే ఉండాలి. ఒక ఇంట్లో కూత, ఇంకో ఇంట్లో ఈల అయితే జనం కారు అలారం అనుకుంటారు.

గచ్చిబౌలి నైట్ షిఫ్ట్

పగలు పడుకునేవాడి గోడు కూడా వినండి. ఇంట్లో పెడితే ప్రతి పరీక్షకూ నా తల మీదే మోగుతుంది. పరీక్ష ఏ వేళకు చేస్తారు?

యార్క్‌షైర్ తెలుగు

ఇక్కడ ఆఫీసుల్లో వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళకు, నిమిషం లోపే. ఆ వేళకు మోగితే పరీక్ష, ఇంకెప్పుడు మోగినా నిజం అని అందరికీ తెలుసు. ఇళ్లలో అంత తరచుగా అక్కర్లేదు కానీ వేళ మాత్రం మార్చకండి.

మూడో అంతస్తు

ఆదివారం సాయంత్రం 5 అని ప్రతిపాదిస్తాను. నైట్ షిఫ్ట్ వారు అప్పటికి లేస్తారు కదా.

ఈలోగా ఒక నిర్ణయం తీసుకున్నాం. ఓటుకు ముందే రెండు రకాలనూ ఒక అంతస్తులో తాత్కాలికంగా బిగించి చూపించమని కాంట్రాక్టరును అడిగాం. ఒక పడకగది తలుపు మూసి, ఏసీ వేసి, దిండు మీద సరైన శబ్దమాపకం పెట్టి కొలుస్తాం. ఫోనులో ఉచిత యాప్‌తో కొలుస్తానన్నాడు, కుదరదన్నాం. సౌండర్ మాత్రం నడవలోనే.

ఖజానా

కొలవండి, మంచిదే. అంకె 75 వస్తే నేనూ మీ వైపే. కానీ కొటేషన్‌లో ఇంకో వాక్యం రాయించండి: రంగులు వేసే ఇంటికి సౌండర్ మీద తొడిగే మూత ఇచ్చి, పని అయ్యాక తీసే బాధ్యత ఎవరిదో పేరుతో సహా. మా దగ్గర అయితే ఆ పేరు నాదే అవుతుంది.