బండలాగుడు ఊరేగింపులో హాస్యకవికి సన్మానం ఎలా చేయాలి?

ప్రశ్న (కడప నుంచి): మా ఊరి తిరునాళ్లలో ఎద్దుల బండలాగుడు పోటీలకు ముందు జరిగే ఊరేగింపులో, ఎద్దుల మీదా వాటి యజమానుల మీదా అప్పటికప్పుడు హాస్యపద్యాలు కట్టి మైకులో వినిపించే ఒక పెద్దాయనను సన్మానించాలని అనుకుంటున్నాము. అమెరికాలో రోడియో (పశువుల కాపరుల సాహస పోటీలు) పరేడ్‌లలో కౌబాయ్ కవులను, అంటే పశువుల కాపరుల జీవితం మీద పద్యాలు కట్టేవారిని, ఇలాగే గౌరవిస్తారని విన్నాను. వివరాలు తెలిసినవారు చెప్పగలరా?

జవాబు (అనంతపురం నుంచి): అవునండీ. అక్కడ సన్మానితుణ్ణి ‘గ్రాండ్ మార్షల్’ పేరుతో పరేడ్ ముందు భాగాన గుర్రం మీదనో, గుర్రపు బండిలోనో ఊరేగిస్తారు. అరిజోనాలోని టూసాన్ రోడియో పరేడ్ 1925లో మొదలైంది. అందులో నేటికీ మోటారు వాహనాలు ఊరేగవు. (మన ట్రాక్టర్లు, డీజేలు గుర్తుకొచ్చి నవ్వుకున్నాను.) హాస్య కౌబాయ్ కవుల్లో బాగా పేరు పొందిన బ్యాక్స్‌టర్ బ్లాక్ (1945–2022) వృత్తిరీత్యా పశువైద్యుడు కాబట్టి, ఆవులు తన్నిన తన్నులూ, బోర్లాపడిన కాపరులూ ఆయన పద్యాలకు ముడిసరుకయ్యాయి. నెవాడాలోని ఎల్కోలో 1985 నుంచి ఈ కవుల సమ్మేళనమే జరుగుతోంది.

జవాబు (కర్నూలు నుంచి): ఆ కవులు ఎక్కువగా కాగితం చూడకుండా, అంత్యప్రాసలతో కథ చెబుతారు, మనకు ఆటవెలది ఉంది, వేమన నోట అది ఎంత చురుకుగా నడిచిందో చెప్పనక్కరలేదు. అందుచేత శాలువా కప్పి పంపేయకుండా, ఒక్కొక్క ఎద్దుల జతను పిలిచే ముందు ఆయన చేత ఒక్కొక్క పద్యం చెప్పించండి. ఓడిన జత యజమాని మీద మాత్రం వద్దు. మా ఊళ్లో అది ఒకసారి పంచాయితీ దాకా వెళ్లింది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ట్రాక్టరు మాని ఆయనకు ఎద్దులబండే కడతాము.