ఫార్మా ప్లాంట్లలో క్వాలిటీ కల్చర్ ట్రైనింగులతో వస్తుందా, మేనేజ్‌మెంట్ మారితేనే వస్తుందా?

షిఫ్ట్‌బి_కెమిస్ట్
అందరికీ నమస్తే. హైదరాబాద్ దగ్గర ఒక ఏపీఐ (మందులో పనిచేసే అసలు పదార్థం) ప్లాంట్‌లో ప్రొడక్షన్‌లో చేస్తున్నా. ఈ మధ్య యూఎస్ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) వాళ్ళు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చి 483, అంటే కనిపించిన లోపాల లిస్టు, ఇచ్చి వెళ్ళారు, 15 వర్కింగ్ డేస్‌లో రెస్పాన్స్ పంపాలి కదా, అప్పట్నుంచి ఒకటే హడావుడి. కన్సల్టెంట్లు దిగారు, కారిడార్ల నిండా క్వాలిటీ పోస్టర్లు, షిఫ్ట్ అయ్యాక రోజూ ట్రైనింగ్, కంపెనీ బస్సు వెళ్ళిపోతుందేమో అని అందరి చూపూ గడియారం మీదే. ఇన్ని చేస్తున్నారు గానీ నెలకి ఇన్ని బ్యాచ్‌లు అనే టార్గెట్ మాత్రం అలాగే ఉంది, మనుషుల్ని కూడా పెంచలేదు. మీ ప్లాంట్‌లో నిజంగా మార్పు వచ్చి ఉంటే అది దేనివల్ల వచ్చిందో చెప్పండి ప్లీజ్. ఇక్కడే ఉండాలా, వేరేది చూసుకోవాలా అని ఆలోచిస్తున్నా.

క్యూఏ_పావని
తమ్ముడూ, మా దగ్గర వచ్చింది కాబట్టి రాస్తున్నా, కొంచెం పెద్దదే అవుతుంది. ఇదివరకు మాకు ఏ డీవియేషన్ (రాసిపెట్టిన పద్ధతి తప్పడం) వచ్చినా రూట్ కాజ్ హ్యూమన్ ఎర్రర్, క్యాపా (దిద్దుబాటు చర్య) ఏంటంటే రీట్రైనింగ్. ఆ మనిషిని కూర్చోబెట్టి ఎస్ఓపీ (పని ఎలా చేయాలో రాసిన డాక్యుమెంట్) మళ్ళీ చదివించి సంతకం పెట్టించి ఫైల్ క్లోజ్ చేసేసేవాళ్ళం, కొన్నాళ్ళకి అదే తప్పు ఇంకో షిఫ్ట్‌లో వచ్చేది. తర్వాత కొత్త క్యూఏ (క్వాలిటీ అష్యూరెన్స్) హెడ్ గారు వచ్చాక హ్యూమన్ ఎర్రర్ అని రాసిన ఫైల్ ఏదీ తీసుకోలేదు, వెనక్కి పంపేసేవారు, "మనిషి పొరపాటు పడ్డాడు సరే, ఎందుకు పడ్డాడో రాయండి" అనేవారు. అప్పుడు వెళ్ళి చూస్తే ఏం తేలిందంటే, టెంపరేచర్ లిమిట్ దాటిన రియాక్టర్ ఒక ఫ్లోర్‌లో ఉంది, అదే ఆపరేటర్ అదే టైముకి కింద ఫ్లోర్‌లో సెంట్రిఫ్యూజ్ అన్‌లోడింగ్ చూడాలి. ఆ మనిషికి ఎన్ని క్లాసులు చెప్పినా రెండు చోట్లా ఉండలేడు కదా.

ఇంకోటి దీనికంటే పెద్దది. మా అప్రైజల్‌లో "డీవియేషన్లు తగ్గించాలి" అని ఒక పాయింట్ ఉండేది, దాని మీద మార్కులు కూడా. ఇంక ఎవరు రిపోర్ట్ చేస్తారు చెప్పండి. చిన్నచిన్నవి షిఫ్ట్‌లోనే సర్దేసేవాళ్ళు. ఆ పాయింట్ తీసేశాక లెక్క ఒక్కసారిగా పెరిగింది, రివ్యూ మీటింగ్‌లో అందరూ కంగారు పడ్డారు, మా ప్లాంట్ హెడ్ గారు మాత్రం ఇవి ఇప్పుడు పుట్టినవి కావు ఇప్పుడు బయటికి వస్తున్నవి అని చెప్పి నిలబడ్డారు. ఆయన ఆ రోజు గట్టిగా నిలబడకపోతే మళ్ళీ మొదటికొచ్చేవాళ్ళం అని ఇప్పటికీ అనుకుంటాను.

పైడిభీమవరం_ఆపరేటర్
పావని మేడమ్ చెప్పింది వంద శాతం కరెక్టు అండి. నేను ఐటీఐ చేసి చేరాను, చదువంతా తెలుగు మీడియం. ఎస్ఓపీలు ఇంగ్లీషులో ఉంటాయి, ఒక్కోటి పుస్తకం అంత, చదివి అర్థం చేసుకున్నాను అని సంతకం పెట్టమంటారు, అందరితో పాటు మేమూ పెడతాం. మా బ్లాక్‌లో ఒడిశా వాళ్ళు, బీహార్ వాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకి మా తెలుగూ రాదు. తర్వాత ఒక షిఫ్ట్ ఇన్‌ఛార్జి సార్ ఏం చేశారంటే ముఖ్యమైన స్టెప్పులకి ఫోటోలు తీయించి కింద తెలుగు, హిందీ, ఒడియా మూడింట్లో రాయించి డాక్యుమెంట్ కంట్రోల్‌లో నెంబరు వేయించి మరీ పెట్టించారు. ఆ సాల్వెంట్ ఎందుకు నెమ్మదిగా పోయాలో, స్పీడుగా పోస్తే లోపల ఏమవుతుందో అప్పుడు తెలిసింది. తెలిశాక ఎవరూ తొందరపడలేదు, ఎవరు చూసినా చూడకపోయినా అంతే.

ఎల్‌సీ_ల్యాబ్
క్యూసీ, అంటే టెస్టింగ్ ల్యాబ్ వైపు నుంచి నేనూ రాస్తా. అందరూ డేటా ఇంటెగ్రిటీ (డేటా మార్చకుండా ఉన్నదున్నట్టు ఉంచడం) అంటే సాఫ్ట్‌వేర్ విషయం అనుకుంటారు, ఆడిట్ ట్రైల్ (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే రికార్డు) ఆన్ చేశాం, పాస్‌వర్డ్‌లు వేరు చేశాం, అయిపోయింది అని. ఎనలిస్ట్ ఎందుకు లెక్కలోకి రాకుండా ముందు ఒక ట్రయల్ ఇంజెక్షన్ వేసి (శాంపిల్‌ని మెషీన్‌లోకి ఎక్కించి) చూసుకుంటాడు? రిజల్ట్ ఫెయిల్ అయితే రాత్రి పదింటికి మేనేజర్ ఫోన్ చేసి "రేపు ట్రక్కు వెళ్ళాలి" అంటాడు కాబట్టి. ఓఓఎస్ (రిజల్ట్ లిమిట్ బయటికి పోవడం) వస్తే ప్రశాంతంగా ఇన్వెస్టిగేట్ చేసుకోనిచ్చే చోట ఎవరికీ ఆ అవసరం రాదు. 2013లో మన మందుల కంపెనీ రాన్‌బ్యాక్సీ క్వాలిటీ, డేటా విషయాల్లో అమెరికాలో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టడానికి సెటిల్ అయ్యింది, ఆ కేసు బయటపెట్టింది అందులో పనిచేసిన దినేశ్ ఠాకూర్ అనే ఉద్యోగే. లోపల చెప్పింది లోపలే వినే ఏర్పాటు ఉంటే కంపెనీకి ఎంత నష్టం తప్పుతుందో మన మేనేజ్‌మెంట్లు ఇప్పటికైనా ఆలోచించాలి.

జీడిమెట్ల_చిన్న_యూనిట్
పెద్ద కంపెనీల వాళ్ళు చెప్పేవి బాగున్నాయి, మా బాధ కూడా వినండి. 2023 డిసెంబర్ చివర్లో కొత్త షెడ్యూల్ ఎం (మందుల తయారీకి ప్రభుత్వం పెట్టిన రూల్స్) నోటిఫై అయ్యింది, ఫార్మాస్యూటికల్ క్వాలిటీ సిస్టం, రిస్క్ మేనేజ్‌మెంట్ అన్నీ పెట్టమన్నారు, కాదనడం లేదు, మందు వేసుకునేది మనవాళ్ళే. కానీ ఎమ్మెస్సీ కుర్రాణ్ణి తీసుకుని హెచ్‌పీఎల్‌సీ (ల్యాబ్ టెస్టింగ్ మెషీన్) నేర్పించి, డాక్యుమెంటేషన్ నేర్పించి, కాస్త చేతికి వచ్చాడు అనుకునేలోపు పెద్ద కంపెనీకి వెళ్ళిపోతాడు, జీతంలో వాళ్ళతో మేము పోటీ పడలేం. ఇలా ఎంతమందికని నేర్పించాలి?

ఆటోలైన్_రవి
అన్నా, నేను ఫార్మా కాదు, చెన్నైలో ఆటో కాంపోనెంట్స్. మీరడిగింది మా దగ్గర రోజూ వచ్చే మాటే. అమెరికాలో జీఎం (జనరల్ మోటార్స్) వాళ్ళ ఫ్రీమాంట్ కార్ల ప్లాంట్ 1982లో మూసేశారు, ఆబ్సెంటీలు, గొడవలు, క్వాలిటీ అధ్వాన్నం. 1984లో టయోటాతో కలిసి నమ్మీ పేరుతో మళ్ళీ తెరిచినప్పుడు ఎక్కువగా ఆ పాత వర్కర్లనే తీసుకున్నారు, టీమ్ లీడర్లని జపాన్ పంపించి ట్రైనింగ్ ఇచ్చారు, డౌట్ వస్తే లైన్‌లో ఎవరైనా తాడు లాగి ఆపమనొచ్చు అన్నారు. మనుషులు ఎక్కువగా వాళ్ళే, క్వాలిటీ మాత్రం జీఎంలోనే మంచి ప్లాంట్లలో ఒకటి అయ్యింది. మన దగ్గర సుందరం క్లేటన్ బ్రేక్స్ డివిజన్ 1998లో డెమింగ్ ప్రైజ్ (క్వాలిటీకి జపాన్ వాళ్ళు ఇచ్చే అవార్డు) తెచ్చుకుంది, ఇండియాలో అదే మొదటిది, వర్కర్లు ఇచ్చే సజెషన్లు, చిన్నచిన్న టీములు, ఇలాంటివాటి మీదే ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆ ప్రైజ్ ఎవరి పేరు మీద ఉందో ఆ క్వాలిటీ నిపుణుడు డెమింగ్ గారి 14 పాయింట్లలో భయం పోగొట్టండి అని ఒకటి ఉంటుంది, నినాదాలు తీసేయండి అని ఇంకోటి. షిఫ్ట్‌బి బ్రో, మీ పోస్టర్ల సంగతి చదివితే అదే గుర్తొచ్చింది.

న్యూజెర్సీ_సోర్సింగ్
కొనే వైపు నుంచి ఒక మాట. ఇక్కడ జెనరిక్స్ కంపెనీలో సప్లయర్ క్వాలిఫికేషన్ చూస్తాను. రేటు ముఖ్యమే, కానీ ఒక ప్లాంట్ ఇంపోర్ట్ అలర్ట్‌లో (ఎఫ్‌డీఏ దిగుమతి ఆపే లిస్టులో) పడితే దాని సరుకు పోర్టు దగ్గరే ఆగిపోతుంది, అప్పుడు మా దగ్గర షార్టేజ్, ఇంకో సోర్స్ ఫైల్ చేసి అప్రూవల్ తెచ్చుకోవాలంటే చాలా టైం పడుతుంది. అందుకే మేము ఆడిట్‌కి వస్తే నేను ముందు అడిగేది డీవియేషన్ లాగ్. పెద్ద ప్లాంట్‌లో ఏడాది మొత్తానికి నాలుగైదే కనిపిస్తే నాకు నమ్మకం తగ్గుతుంది. తర్వాత ఆపరేటర్‌తో మాట్లాడతాను, మేనేజర్ పక్కన నిలబడి సమాధానాలు అందిస్తుంటే అర్థమైపోతుంది. జీడిమెట్ల సర్, మీలాంటి యూనిట్లలో కూడా ఏళ్ళుగా కొంటున్న వాళ్ళం ఉన్నాం, ప్రాబ్లం వచ్చిన రోజే ఫోన్ చేసి చెప్పే సప్లయర్‌ని మేము రెండు రూపాయల కోసం వదులుకోం.

క్యూఏ_పావని
@జీడిమెట్ల సర్, కుర్రాళ్ళు వెళ్ళేది జీతానికే అయితే ఆపలేరు, ఒప్పుకుంటా. కానీ మా టీంలో చిన్న యూనిట్ల నుంచి వచ్చినవాళ్ళని అడిగితే ఎక్కువమంది చెప్పేది వేరే, మూడేళ్ళు చేసినా అదే ఇన్‌స్ట్రుమెంట్ దగ్గర కూర్చోబెట్టారు, మెథడ్ వాలిడేషన్ (టెస్ట్ పద్ధతి సరైనదని నిరూపించే పని) అడిగితే నీకెందుకు అన్నారు అని. మీ దగ్గరయితే ఒకే మనిషికి క్యూసీ, క్యూఏ, స్టెబిలిటీ (మందు ఎన్నాళ్ళు చెడకుండా ఉంటుందో చూడటం) అన్నీ నేర్పించొచ్చు, పెద్ద కంపెనీలో ఆ అవకాశం ఉండదు. అది ముందే చెప్పి, రాసి ఇచ్చి చూడండి.

జీడిమెట్ల_చిన్న_యూనిట్
రాసి ఇవ్వడం అనేది ఎప్పుడూ చేయలేదు మేడమ్. వచ్చే బ్యాచ్ ట్రైనీలకి ఇచ్చి చూస్తా.

షిఫ్ట్‌బి_కెమిస్ట్
అందరికీ థాంక్స్. పావని అక్కా, నేను షిఫ్ట్ లెవెల్ వాణ్ణి, అప్రైజల్ ఫార్మాట్ మార్చే పవర్ నాకు లేదు. నా చేతిలో ఉన్నంతలో ఎక్కడ మొదలుపెట్టమంటారు?

క్యూఏ_పావని
షిఫ్ట్ హ్యాండోవర్‌తో మొదలుపెట్టు. ఎన్ని కిలోలు వచ్చాయి అని అడిగే ముందు ఈ షిఫ్ట్‌లో ఏది సరిగ్గా నడవలేదు అని అడుగు, చెప్పినవాణ్ణి అందరి ముందు తిట్టకు, లాగ్‌బుక్‌లో వాడి మాటల్లోనే రాయించు. ఒక నెల రోజులవి తీసుకుని మీ ప్లాంట్ హెడ్ దగ్గరికి వెళ్ళు, 483 రెస్పాన్స్ వెళ్ళాక కూడా ఆయనకి అలాంటి మెటీరియలే కావాలి. ఆయన ఆ కాగితాలు చూసి ఏమంటారో దాన్ని బట్టి ఉండాలో వెళ్ళాలో నువ్వే డిసైడ్ చేసుకో.