వేసవి పార్కు యాత్ర: ఊరి నుంచి వచ్చే పెద్దలు, పిల్లల ఏర్పాట్లు

విజయనగరం సమన్వయం:
అందరికీ నమస్కారం. సింగపూర్‌లో ఉంటున్న మనవాళ్ళ సంఘం వేసవి కలయిక ఈసారి అక్కడి సెంటోసా ద్వీపంలోని యూనివర్సల్ స్టూడియోస్ పార్కులో అని ఖాయమైంది కదా. అక్కడి పనులు మీరు చూసుకుంటున్నారు. ఇక్కడ శ్రీకాకుళం, విజయనగరం నుంచి బయల్దేరే అమ్మానాన్నలు, అత్తమామలు, సెలవుల్లో ఉన్న మేనల్లుళ్ళు, మేనకోడళ్ళ బాధ్యత నా మీద పెట్టారు. నా లెక్క చెబుతాను. అభ్యంతరం ఉంటే ఇక్కడే రాయండి. ఫోన్లో ఒకటి, గ్రూపులో ఇంకొకటి అయితే నేను వేగలేను.

జట్లు కుటుంబాల వారీగా వద్దు. పదేళ్ళ పిల్లాడు, నాలుగేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పుల మామ్మ ఒకే జట్టులో ఉంటే ముగ్గురికీ రోజు పాడవుతుంది. పిల్లల్ని ఎత్తుని బట్టి, పెద్దల్ని ఓపికని బట్టి విడదీద్దాం.

అందుకే పిల్లలున్న ప్రతి ఇంటికీ ఒక పని. చెప్పులు తీయించి గుమ్మానికి ఆనించి నిలబెట్టండి, తల మీద స్కేలు అడ్డంగా పెట్టి గీత గీయండి. మా తలుపు చట్రం మీద ఇప్పుడు ఐదు గీతలున్నాయి, అన్నీ సెంటీమీటర్లలో: 92, 102, 107, 122, 125. 92 ఉంటే చిన్నపిల్లల రోలర్ కోస్టర్ ఎక్కొచ్చు. 102 ఉంటే సై-ఫై సిటీ అనే జోన్‌లో త్రీడీ రైడ్, 107 ఉంటే లాస్ట్ వరల్డ్ జోన్‌లో గుండ్రటి పడవలో నీళ్ళ మీద వెళ్ళేది. ఈ రెండింట్లోనూ 122 లేని పిల్లల వెంట పెద్దవాళ్ళు ఎక్కాలి. ఏన్షెంట్ ఈజిప్ట్ జోన్‌లో చీకట్లో దూసుకెళ్ళే కోస్టర్‌కి 122 తప్పనిసరి. ఎర్రది, నీలంది జంటగా ఉండే పెద్ద కోస్టర్లకి 125.

మా మేనల్లుడు 121 దగ్గర ఆగాడు. జుట్టు పైకి దువ్వుకుని ‘ఇప్పుడు కొలువు మావయ్యా’ అంటున్నాడు. అక్కడ క్యూ మొదట్లోనే కొలిచే పట్టీ ఉంటుంది, బతిమాలితే వినరు. ఆ సంగతి ఇక్కడే తెలిస్తే ఏడుపేదో ఇంట్లోనే అయిపోతుంది.

రాజాం వదిన (సింగపూర్, భోజనాలు):
మరిది గారూ, భోజనాల సంగతి నాకు వదిలేయండి. ముందురోజు రాత్రే పులిహోర కలిపేస్తాం, పొద్దున్నే దద్దోజనం. జంతికలు మీరు ఎలాగూ తెస్తారు. పార్కులో ఏదో చెట్టు కింద దుప్పటి పరిస్తే సరి.

విజయనగరం సమన్వయం:
వదినా, ఆ దుప్పటి పార్కులో పరవనివ్వరు. బయటి తిండి లోపలికి తీసుకెళ్ళకూడదు. పసిపిల్లల ఆహారం, డాక్టరు చెప్పిన పథ్యం ఉంటే మాత్రం గేటు దగ్గర చూపించి అడగాలి. మంచినీళ్ళ సీసా పట్టుకెళ్ళొచ్చు. సింగపూర్‌లో కుళాయి నీళ్ళే తాగుతారు కనుక అయిపోతే లోపలే నింపుకోవచ్చు. ఇంకో సంగతి, అక్కడి మెట్రో, అదే ఎంఆర్‌టీ రైల్లో తినడం, తాగడం నిషేధం. జరిమానా 500 డాలర్ల దాకా ఉంటుంది. మనవాళ్ళకి రైలెక్కి కూర్చోగానే సంచి విప్పడం అలవాటు. ఆ జంతికల డబ్బా పెట్టె అడుగున సర్దమని చెబుతున్నాను.

పులిహోర మాత్రం మానొద్దు. పార్కు నుంచి బయటికి వచ్చాక రిసార్ట్స్ వరల్డ్ స్టేషన్‌లో సెంటోసా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చివరి స్టేషన్ బీచే. ద్వీపం లోపల ఆ రైలు ఉచితం. సాయంత్రం అక్కడ ఇసుక ఒడ్డున తిందాం. మధ్యాహ్నం పార్కులోనే కొనుక్కోవాలి, ఖరీదు ఎక్కువే. దానికి తలా కొంత పక్కన పెట్టమని అందరికీ ముందే చెప్పేద్దాం. పొద్దున ఇడ్లీ గట్టిగా పెట్టి పంపితే సగం ఖర్చు తగ్గుతుంది.

రాజాం వదిన:
సరే, అయితే ఇడ్లీలు పొద్దున, పులిహోర సాయంత్రం. ఎండకి దద్దోజనం పులిసిపోతుంది, అది తీసేస్తున్నాను.

చీపురుపల్లి తమ్ముడు (సింగపూర్, టికెట్లు):
అన్నా, రోజు గురించి ఒక మాట. జూన్ మొదటి వారం అయితే రేటు ఏదైనా సరే రద్దీ తప్పదు. మే చివర్లో ఇక్కడ స్కూళ్ళకి నాలుగు వారాల సెలవులు మొదలవుతాయి. మన ఊళ్ళో వేసవి సెలవులు ఏప్రిల్ చివరి నుంచే కదా. మే మధ్యలో, శనాదివారాలు కాకుండా పెడితే క్యూలు సగానికి సగం తగ్గుతాయి. మా పిల్లలకి ఒక రోజు స్కూలు పోతుంది, అంతే.

టికెట్ సంగతి: నాలుగేళ్ళు నిండని వాళ్ళకి ఉచితం, 4 నుంచి 12 వరకు పిల్లల టికెట్. వయసు అడిగితే చూపించడానికి పిల్లల పాస్‌పోర్టు ఫొటో ఫోన్లో పెట్టుకోండి. క్యూలో తొందరగా వెళ్ళడానికి ఇచ్చే ఎక్స్‌ప్రెస్ పాస్ విడిగా కొనాలి, రోజుని బట్టి రేటు మారుతుంది. పెద్ద కోస్టర్లు ఎక్కే జట్టుకి తప్ప వద్దని నా సలహా. ఒంటరిగా ఎక్కడానికి అభ్యంతరం లేని కుర్రాళ్ళకి కొన్ని రైడ్లలో సింగిల్ రైడర్ వరస ఉంటుంది, పైసా ఖర్చు లేకుండా తొందరగా అయిపోతుంది.

విజయనగరం సమన్వయం:
బుధవారం పెట్టెయ్ తమ్ముడూ. అక్కడి పండగ సెలవు మాత్రం ఆ వారంలో పడకుండా చూడు. బుద్ధుడి పండగ వెసాక్‌కి మీకు సెలవు ఉంటుంది కదా.

టెక్కలి బావ (సింగపూర్, రవాణా):
నాదొక సూచన. అరవై దాటిన వాళ్ళని ఆ రోజు సెరంగూన్ రోడ్డు పెరుమాళ్ గుడికి తీసుకెళ్ళి, లిటిల్ ఇండియాలో భోజనం పెట్టించి, మధ్యాహ్నం ఇంట్లో పడుకోబెడితే మంచిది కాదా? మా అమ్మకి షుగరు. ఆ ఎండలో తిప్పడం నాకు టెన్షన్. టికెట్ డబ్బులూ మిగులుతాయి.

విజయనగరం సమన్వయం:
బావగారూ, నేనూ మొదట అదే అనుకున్నాను. తర్వాత ఇళ్ళకి ఫోన్ చేసి పెద్దవాళ్ళనే అడిగాను. కొడుకుని, కోడలిని కాదు. ఒక మామ్మగారు ‘గుళ్ళు మన ఊళ్ళో లేవేటి బాబూ? మనవడు గాల్లోకి ఎగిరితే కింద నిలబడి చూడాల నాకు’ అన్నారు. ఒక తాతగారు మాత్రం ‘నాకు ఆ గోల పడదు, గుడికే’ అన్నారు. ఎవరి ఇష్టం వాళ్ళది. మనం కూర్చుని వాళ్ళ తరఫున తీర్మానాలు చెయ్యొద్దు. రెండూ పెడదాం, గుడికి వెళ్ళేవాళ్ళ వెంట ఒక వాలంటీరు ఉంటారు.

పార్కుకి వచ్చే పెద్దల జట్టుకి మాత్రం వేరే పద్ధతి. సరస్సు చుట్టూ ఉన్న జోన్లన్నీ తిప్పాలని పట్టుపట్టొద్దు. గేటు దాటగానే వచ్చే హాలీవుడ్ వీధి మీద పైకప్పు ఉంటుంది, ఎండైనా వానైనా అక్కడే వాళ్ళ మకాం. జట్లన్నీ మధ్యాహ్నం ఒంటిగంటకి అక్కడికే వచ్చి కలవాలి. నీళ్ళ మీద జరిగే స్టంట్ షోకి తప్పకుండా తీసుకెళ్ళండి. కూర్చుని చూడొచ్చు, అర్థం కావడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. ముందు వరసల్లో కూర్చుంటే తడుస్తారు, పైవరసల్లో కూర్చోబెట్టండి. నడవలేని వాళ్ళకి ప్రవేశం దగ్గర చక్రాల కుర్చీ అద్దెకి దొరుకుతుంది. ‘నాకెందుకు, నేను నడవగలను’ అని మొదటి గంట అంటారు. వినకండి, పొద్దున్నే తీసేసుకోండి. షుగరున్న వాళ్ళ దగ్గర గ్లూకోజ్ బిస్కెట్లు, మాత్రలు వాళ్ళ సంచిలోనే ఉండాలి, వాలంటీరు బ్యాగులో కాదు.

ఒకరిద్దరు పెద్దవాళ్ళు రైడ్ ఎక్కుతామంటారు, ఎక్కనివ్వండి. బీపీ, గుండె జబ్బు, నడుము ఆపరేషన్ ఉన్నవాళ్ళు తప్ప. చీర కొంగు నడుముకి దోపుకోవాలి. జారిపోయే చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్నవి వేసుకోమనండి. కళ్ళజోళ్ళు, వినికిడి యంత్రాలు తీసి మనవాళ్ళ చేతికి ఇచ్చి ఎక్కాలి. కట్టుడు పళ్ళ సంగతి చెబితే నవ్వుతున్నారు గానీ, కోస్టర్ మీద నోరు తెరిచి అరిస్తే అవి ఎక్కడ పడతాయో ఆలోచించండి.

టెక్కలి బావ:
ఒప్పుకున్నాను. అమ్మని అడిగాను, పార్కుకే వస్తానంది. కుర్చీ నేను తోస్తాను.

పాలకొండ పిన్ని (శ్రీకాకుళం, సామాన్లు):
బాబూ, ఊళ్ళో అందరూ ఏటి పట్టుకెళ్ళాల, ఏటి కూడదు అని నన్నే అడుగుతున్నారు. ఒక చోట రాసి పెట్టు.

విజయనగరం సమన్వయం:
రాస్తున్నాను పిన్నీ, అన్నిటికంటే ఇదే ముఖ్యం.

చుట్టలు. మన వైపు తాతలే కాదు, అడ్డపొగ పెట్టే, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే మామ్మలూ ఉన్నారు. సింగపూర్‌లో పొగాకుకి సుంకం మినహాయింపు లేదు. ఒక్క చుట్ట ఉన్నా దిగగానే కస్టమ్స్ వాళ్ళ ఎర్ర దారిలోకి (రెడ్ ఛానెల్) వెళ్ళి చెప్పి పన్ను కట్టాలి. జర్దా, ఖైనీ, గుట్కా లాంటి నమిలే పొగాకు, ఈ-సిగరెట్లు, చూయింగ్ గమ్ పూర్తిగా నిషేధం. చుట్ట మానలేని వాళ్ళు ముందే నాకు చెప్పాలి. పార్కులో కేటాయించిన చోటే కాల్చాలి, ఆ చోటు వాలంటీరు చూపిస్తారు. బాత్‌రూమ్ వెనక చాటుగా వెలిగించొద్దని మరీ మరీ చెప్పు పిన్నీ.

కోడి పచ్చడి, మాంసం పచ్చడి ఏదీ వద్దు, మన దేశం నుంచి మాంసం తీసుకురానివ్వరు. ఆవకాయ, బెల్లం ఆవకాయ, పలాస జీడిపప్పు నిశ్చింతగా తేవచ్చు. సీసా మూత చుట్టూ టేపు వేసి కవర్లో కట్టకపోతే చీరలన్నీ ఆవకాయ రంగే. గసగసాలు ఏ మసాలా పొట్లంలోనూ ఉండకూడదు, అక్కడ అవి మాదకద్రవ్యాల విభాగం పరిధిలోకి వస్తాయి.

మందులు స్ట్రిప్పుల్లోనే ఉండాలి, డాక్టరు చీటీతో సహా. విడి మాత్రలు కాగితంలో చుట్టి తేవద్దు. నిద్రమాత్రలు, కోడైన్ ఉన్న దగ్గుమందు వాడేవాళ్ళుంటే వెంటనే చెప్పండి, వాటికి ముందస్తు అనుమతి అవసరం కావచ్చు.

ఎస్‌జీ అరైవల్ కార్డు అంటే సింగపూర్‌లో దిగేముందు ఆన్‌లైన్‌లో నింపే వివరాల పత్రం, అది వీసా కాదు, వీసా విడిగా ఉండాలి. ఈ కార్డు దిగే రోజుకి మూడు రోజుల లోపు నింపాలి, ఉచితం. పోయినసారి ఊళ్ళో ఒక ఏజెంటు దీనికి కూడా మనిషికి ఇంతని వసూలు చేశాడు. ఈసారి మేమే నింపుతాం, పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో పంపితే చాలు. పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలల గడువు ఉందో లేదో కూడా చూసుకోండి.

టెక్కలి బావ:
ప్రయాణం సంగతి?

విజయనగరం సమన్వయం:
విశాఖ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం ఉంది కనుక హైదరాబాద్, చెన్నై తిరగక్కర్లేదు. రాత్రి ఎక్కి తెల్లవారేసరికి దిగుతారు. చౌక విమానం కాబట్టి భోజనం, పెట్టె బరువు విడిగా కొనాలి. శ్రీకాకుళం వాళ్ళకి ఒక మినీ బస్సు, జాతీయ రహదారి మీదుగా వస్తుంది. విజయనగరం వాళ్ళు ఆనందపురం దగ్గర కలుస్తారు. భోగాపురం కొత్త విమానాశ్రయం కారణంగా ఏర్పాట్లు మారొచ్చు, టికెట్ మీద ఏ విమానాశ్రయం ఉందో చూశాకే బస్సు ఖాయం చేస్తాను.

దిగిన రోజు మాత్రం పార్కు వద్దు. నిద్ర ఉండదు, అక్కడ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. ఒక పూట పడుకోనిచ్చి, సాయంత్రం అలా తిప్పి, పార్కు మర్నాడు పెట్టండి. ‘దిగగానే వెళ్తే ఒక రోజు మిగులుతుంది’ అని ఎవరైనా అంటే ఆ మిగిలిన రోజు పెద్దవాళ్ళ కాళ్ళు పట్టడానికి వాళ్ళనే రమ్మనండి.

చీపురుపల్లి తమ్ముడు:
వానొస్తే? ఇక్కడ మధ్యాహ్నం ఉన్నట్టుండి కుమ్మేస్తుంది.

విజయనగరం సమన్వయం:
మెరుపులుంటే బయటి రైడ్లు ఆపేస్తారు. అందుకే పెద్ద కోస్టర్ల జట్టు గేటు తెరవగానే అటే వెళ్ళాలి, ఫొటోలు తర్వాత. లోపలున్న త్రీడీ రైడ్ వాన సమయానికి దాచుకోండి, అయితే ఆ వేళకి అందరూ అక్కడికే చేరతారు. రెయిన్‌కోట్లు ఇక్కడే కొని పంపుతున్నాను. నీళ్ళ పడవ ఎక్కే పిల్లలకి ఒక జత బట్టలు అదనంగా పెట్టండి, చిన్న లాకరు చాలు.

ప్రతి పిల్లాడి జేబులో వాలంటీరు సింగపూర్ నంబరు రాసిన చీటీ ఉండాలి. పెద్దవాళ్ళకీ అంతే, ఫోన్లు చార్జింగ్ అయిపోతాయి.

పాలకొండ పిన్ని:
మా వీధిలో ఒకావిడ వెల్లుల్లి, ఉల్లిపాయ ముట్టరు. లోపల ఆవిడకి ఏటి దొరుకుతుంది?

రాజాం వదిన:
పళ్ళు, పాలు ఎక్కడైనా దొరుకుతాయి పిన్నీ. పొద్దున ఆవిడకి ఇడ్లీలు రెండు ఎక్కువ పెడతాను. సాయంత్రం పులిహోరలో నేనెలాగూ అవి వెయ్యను. మీ వైపు నుంచి మొత్తం ఎంతమంది తేలారో శుక్రవారంలోగా చెప్పండి, బియ్యం నానబెట్టే ముందు లెక్క కావాలి.